క్రెడిట్ కార్డు బాకీకి మూడేళ్ళ గడువు: తేదీ ఎలా లెక్కేయాలి, సంతకం ఎక్కడ పెట్టకూడదు

గుంటూరు జిల్లాలో ప్రోనోటు సంగతి తెలియని రైతు ఉండడు. నోటు రాసి మూడేళ్ళు కావస్తోందంటే అప్పిచ్చినాయన ఇంటికొచ్చి కూర్చుంటాడు. "నోటు తిరగరాయి, లేదంటే ఓ వెయ్యి ఇచ్చి వెనకాల చెల్లు వేసి సంతకం పెట్టు" అంటాడు. మూడేళ్ళు దాటితే ఆ కాగితానికి కాలదోషం పడుతుందని, దాని మీద దావా నిలవదని ఇద్దరికీ తెలుసు. అదే రైతు కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ రెండు క్రెడిట్ కార్డుల బాకీలో ఇరుక్కుంటే, తన కార్డుకూ తండ్రి నోటుకూ ఒకటే చట్టమని అతనికి తట్టదు. ఫోన్లో రికవరీ వాళ్ళు చెప్పిందే చట్టం అనుకుంటాడు.

నేను గుంటూరులో సివిల్ కేసులు చూసే లాయర్ని. ఈ మధ్య నాకు గట్టు తగాదాల కంటే కార్డు బాకీల ఫోన్లే ఎక్కువ వస్తున్నాయి. "మూడేళ్ళు అయిపోయింది కదా మేడమ్, ఇక వాళ్ళేమీ చేయలేరు కదా?" అని ధీమాగా అడిగేవాళ్ళు కొందరు. "ఎప్పటిదో పాత కార్డండీ, ఇప్పుడు అరెస్టు వారంటు అంటున్నారు" అని వణికిపోయేవాళ్ళు కొందరు. ఇద్దరినీ నేను అడిగేది ఒకటే: ఆఖరుసారి ఎప్పుడు కట్టారు? ఆ తర్వాత దేని మీదైనా సంతకం పెట్టారా, ఏమైనా రాసి పంపారా? ధీమా పడాలో భయపడాలో ఆ జవాబును బట్టే చెప్పగలను.

మూడేళ్ళు ఎందులో ఉంది

1963 నాటి లిమిటేషన్ చట్టంలో. కార్డు బాకీని ఆ చట్టంలోని ఏ ఆర్టికల్ కింద చూడాలనేది లాయర్లు వాదించుకునే విషయం. అప్పుగా ఇచ్చిన డబ్బు అనొచ్చు, ఎందులోనూ ఇమడకపోతే 113వ ఆర్టికల్ అనొచ్చు. ఆ తలనొప్పి మీకక్కర్లేదు. ఎటు తిప్పినా మూడేళ్ళే.

ఈ గడువుకు పదును ఎక్కువ. సెక్షన్ 3 ప్రకారం గడువు దాటాక వేసిన దావాను, ప్రతివాది ఆ మాట ఎత్తకపోయినా, కోర్టే కొట్టేయాలి. అప్పీలు ఆలస్యమైతే కారణం చెప్పి మన్నించమని అడగొచ్చు గానీ, దావాకు ఆ వెసులుబాటు లేదు. సెక్షన్ 5 దావాలకు వర్తించదు. బ్యాంకు లాయరుకు జ్వరం వచ్చిందన్నా, ఫైలు వేరే బ్రాంచిలో ఉండిపోయిందన్నా ఒక్క రోజు కూడా కలిసిరాదు.

బాకీ 20 లక్షలు, అంతకు మించి ఉంటే బ్యాంకు మామూలు సివిల్ కోర్టుకు కాకుండా డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కు వెళ్తుంది. మనకు అవి హైదరాబాదులో, విశాఖలో ఉన్నాయి. అక్కడా లిమిటేషన్ చట్టమే. ఆర్బిట్రేషన్‌కు, అంటే కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చే తీర్పుకు, వెళ్ళినా అంతే. అక్కడ గడువును ఆర్బిట్రేషన్ కోరుతూ ఇచ్చిన నోటీసు మీకు అందిన తేదీతో పోల్చి చూస్తారు.

ఇక ధీమాగా ఉన్నవాళ్ళు వినాల్సిన మాట. గడువు దాటితే పోయేది కోర్టుకెళ్ళి వసూలు చేసుకునే దారి మాత్రమే. బాకీ అలాగే ఉంటుంది. సుప్రీంకోర్టు ఈ మాట 1958లోనే బాంబే డయింగ్ కేసులో చెప్పింది. 1992లో పంజాబ్ నేషనల్ బ్యాంకు కేసులో ఇంకో అడుగు వేసి, కాలదోషం పట్టిన అప్పుకైనా తన దగ్గర హామీగా ఉన్న డిపాజిట్‌ను బ్యాంకు జమ వేసుకోవచ్చని తేల్చింది. దీని అర్థం మీకు తెలియాలి. కార్డు ఇచ్చిన బ్యాంకులోనే మీ జీతం ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే, బ్యాంకు కోర్టు గడప తొక్కకుండానే దాని మీద చెయ్యి వేసే వీలుంది. బాకీ గొడవ నడుస్తున్నప్పుడు జీతం వేరే బ్యాంకులో పడేలా చూసుకోమని నా దగ్గరికి వచ్చినవాళ్ళకు చెప్తాను. అది చట్టవిరుద్ధం కాదు.

సిబిల్ సంగతి కూడా వేరు. సిబిల్ లాంటి క్రెడిట్ రిపోర్టు సంస్థలు మీ అప్పుల చరిత్రను కనీసం 7 ఏళ్ళు ఉంచుతాయి. మూడేళ్ళు నిండాయని ఆ మచ్చ పోదు. "రైట్ ఆఫ్" అని కనిపిస్తే బాకీ మాఫీ అయిందని సంబరపడేవాళ్ళున్నారు. అది బ్యాంకు తన పుస్తకాల్లో రాసుకున్న మాట. దానికీ, మీ మీద దావా వేసే హక్కుకీ సంబంధం లేదు.

ముందు తేదీ పట్టుకోండి

మీ గుర్తు మీద ఆధారపడకండి. మనుషులు ఆఖరి చెల్లింపును కనీసం ఆర్నెల్లు అటో ఇటో చెప్తారు. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అని క్రెడిట్ రిపోర్టు ఇచ్చే సంస్థలు నాలుగున్నాయి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఒక్కొక్కటీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. డబ్బులు అడిగే పేజీ ముందుగా తెరుచుకుంటుంది, ఉచితం అన్నది వెతికి పట్టుకోవాలి. ఆ రిపోర్టులో ఆ కార్డు దగ్గర ఆఖరి చెల్లింపు తేదీ ఉంటుంది. దాన్ని మీ బ్యాంకు పాస్‌బుక్కుతో సరిచూసుకోండి. తేడా వస్తే పాస్‌బుక్కును నమ్మండి.

గడువు ఏ రోజు నుంచి నడుస్తుందన్న దగ్గరే అసలు కొట్లాట. మీరు కట్టాల్సిన తేదీ దాటిన రోజు నుంచి అని మీ లాయరు అంటాడు. ఆఖరుసారి కట్టిన రోజు నుంచి అని బ్యాంకు లాయరు అంటాడు. ఇంకొంచెం తెగించి, కార్డు రద్దు చేసి మొత్తం కట్టమని నోటీసు ఇచ్చిన రోజు నుంచి అని కూడా అంటాడు. నేను లెక్క వేసేటప్పుడు బ్యాంకుకు అనుకూలమైన తేదీనే తీసుకుంటాను. ఆ తేదీ నుంచి కూడా మూడేళ్ళు దాటిపోతే నిశ్చింత. మనకు అనుకూలమైన తేదీ మీద ఆశ పెట్టుకుని కూర్చుంటే కోర్టులో ఆ ఆశే దెబ్బతింటుంది.

కొన్నింటితో గడువు మళ్ళీ మొదలవదు. బ్యాంకు నెలనెలా వడ్డీ, లేటు ఫీజు కలుపుకుంటూ పోవడం, లీగల్ నోటీసులు పంపడం, మీ బాకీని ఆస్తుల పునర్నిర్మాణ సంస్థకు, అంటే మొండి బాకీలు కొనుక్కునే కంపెనీకి, అమ్మేయడం, వీటిలో ఏదీ కొత్త మూడేళ్ళు ఇవ్వదు. గడువును వాళ్ళంతట వాళ్ళు పొడిగించుకోలేరు. మీ చేతే పొడిగింపజేయాలి. దాని సంగతి తర్వాత చెప్తాను.

అంతకంటే ముందు కరోనా లెక్క. పాత బాకీల విషయంలో చాలామంది బోల్తా పడేది ఇక్కడే. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు కాలాన్ని గడువు లెక్కలోంచి తీసేయమని సుప్రీంకోర్టు 2022 జనవరి 10న ఆదేశించింది. అంటే దాదాపు రెండేళ్ళు గడియారం ఆగిపోయింది.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఒకతను 2019 జూన్ 10న ఆఖరుసారి కట్టాడనుకోండి. మామూలుగా అయితే 2022 జూన్ 10తో గడువు తీరిపోవాలి. కానీ 2020 మార్చి 15 నాటికి ఖర్చయింది తొమ్మిది నెలల చిల్లర మాత్రమే. మిగిలిన రెండేళ్ళ రెండు నెలల చిల్లర 2022 మార్చి 1 నుంచి మళ్ళీ నడుస్తుంది. అలా లెక్కేస్తే 2024 మే 26 దాకా వెళ్తుంది. అదీ అక్కడితో ఆగదు. మే నెలలో మన సివిల్ కోర్టులకు వేసవి సెలవులు. కోర్టు మూసి ఉన్నప్పుడు గడువు తీరితే, తెరిచిన రోజున దావా వేసుకోవచ్చని సెక్షన్ 4 చెప్తుంది. కాబట్టి జూన్‌లో కోర్టు తెరిచిన మొదటి రోజున వేసిన దావా కూడా గడువులో ఉన్నట్టే. 2022లోనే అంతా అయిపోయిందనుకున్న మనిషికి రెండేళ్ళ తర్వాత సమన్లు వస్తే ఆశ్చర్యం లేదు.

సంతకం, చెల్లింపు, మెసేజి

రికవరీ వాళ్ళ అరుపులు చట్టం దృష్టిలో ఎందుకూ పనికిరావు. వాళ్ళ మెత్తని మాటలే ప్రమాదం. "సార్, మీ మీద మాకేం కక్ష లేదు, ఓ ఐదు వందలు కట్టి ఈ ఫారం మీద సంతకం పెట్టండి, పైవాళ్ళకు చూపించి ఫైలు ఆపిస్తాను." మా ఊళ్ళో అప్పిచ్చినాయన నోటు వెనకాల వేయించుకునే చెల్లు ఇదే. రైతు తెలిసి వేస్తాడు, ఉద్యోగి తెలియక వేస్తాడు.

సెక్షన్ 18 ఏమంటుందంటే, గడువు తీరకముందు బాకీని ఒప్పుకుంటూ మీరు రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్ళు. ఒప్పుకోలు అంటే "నేను మీకు ఇంత బాకీ" అని స్పష్టంగా రాయడమే అనుకుంటారు. కాదు. మొత్తం ఎంతో రాయకపోయినా ఒప్పుకోలే. "ఇప్పుడు నా దగ్గర డబ్బు లేదు, ఆర్నెల్లు ఆగండి" అన్నా ఒప్పుకోలే. "బాకీ ఉన్న మాట నిజమే, అయినా మీ మనుషులు మా అమ్మను తిట్టారు కాబట్టి కట్టను" అని రాసినా ఒప్పుకోలే, ఎందుకంటే కట్టనని జోడించినా అది ఒప్పుకోలు కిందికే వస్తుందని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. బ్యాంకుకు కాకుండా ఇంకెవరికో రాసిన ఉత్తరంలో ఉన్నా చెల్లుతుంది.

ఈమెయిల్ సంగతేమిటని అడుగుతారు. ఈమెయిల్‌లో ఒప్పుకున్నా చెల్లుతుందని కర్ణాటక హైకోర్టు 2013లో తీర్పిచ్చింది. వాట్సాప్‌ను కూడా కాగితంలాగే చూసుకోండి. అర్ధరాత్రి టెన్షన్‌లో "సార్ ప్లీజ్, వచ్చే నెల సర్దుతాను" అని టైపు చేసి పంపే ముందు ఫోను పక్కన పెట్టేయండి. మాట్లాడాలంటే నోటితో మాట్లాడండి.

చెల్లింపుకు సెక్షన్ 19. గడువు తీరకముందు కొంత కట్టి, కట్టినట్టు మీ చేతిరాతతో గానీ సంతకంతో గానీ కాగితం ఉంటే, కట్టిన రోజు నుంచి కొత్త గడువు. ఫోన్లో యూపీఐ చేసిన ఐదు వందలకు సంతకం ఎక్కడుందని వాదించవచ్చు. నేనూ వాదిస్తాను. కానీ ఆ వాదన మీద ఇల్లు కట్టుకోకండి.

గడువు తీరిన తర్వాత లెక్క మారుతుంది. అప్పుడు ఊరికే కొంత కట్టినంత మాత్రాన చచ్చిన గడువు బతకదు, సెక్షన్ 19 అప్పటికి పనిచేయదు. కానీ కాంట్రాక్టు చట్టంలో సెక్షన్ 25(3) అనే చిన్న తలుపు తెరిచే ఉంటుంది. కాలదోషం పట్టిన అప్పును కడతానని రాసి సంతకం పెడితే, ఆ మాట కొత్త ఒప్పందమై కూర్చుంటుంది. పదేళ్ళ బాకీ అయినా సరే. ఏ పాత బాకీకైనా "సెటిల్‌మెంట్ ఫారం" అని ముందు పెట్టినప్పుడు నేను మొదట వెతికేది ఈ వాక్యమే. ఎక్కడో నాలుగో పేజీలో ఉంటుంది.

చెక్కు మాత్రం ఏ పరిస్థితిలోనూ ఇవ్వకండి. అసలు చేతిలో డబ్బుంటే ట్రాన్స్‌ఫర్ చేయండి. చెక్కు తిరిగొస్తే అది సివిల్ బాకీ హద్దు దాటి, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద క్రిమినల్ కేసు అవుతుంది. తిరిగొచ్చిన సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు, మీకు 15 రోజులు, ఆపైన నెల లోపల ఫిర్యాదు. ఆ చెక్కే బాకీ కడతానన్న రాతపూర్వక హామీ అని కూడా వాదిస్తారు.

లోక్ అదాలత్ నోటీసు

దీని గురించి విడిగా చెప్పాలి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు రమ్మని బ్యాంకులు వందల్లో నోటీసులు పంపిస్తాయి. పైన న్యాయసేవాధికార సంస్థ పేరుంటుంది కాబట్టి ఇంట్లోవాళ్ళు కోర్టు సమన్లు అనుకుని హడలిపోతారు. అది రాజీకి పిలుపు. వెళ్ళొచ్చు, మాట్లాడొచ్చు, కుదరకపోతే లేచి రావొచ్చు. రాజీ పడకపోతే మీ మీద ఎవరూ ఏమీ రాయలేరు.

కానీ అక్కడ సంతకం పెట్టారా, ఆ రాజీ మీద ఇచ్చే అవార్డు కోర్టు డిక్రీతో, అంటే అమలు చేయించుకోదగ్గ తీర్పుతో, సమానం. దాని మీద అప్పీలు లేదు. గడువు తీరిపోయి దావాకు పనికిరాని బాకీ కూడా ఆ సంతకంతో అమలుకు 12 ఏళ్ళ ప్రాణం పోసుకుంటుంది. ఒక రిటైర్డ్ టీచరు గారు నా సలహా కోసం వచ్చినప్పటికే, గడువు ఎప్పుడో దాటిన బాకీకి నెలకు మూడు వేల చొప్పున కడతానని లోక్ అదాలత్‌లో ఒప్పుకుని ఉన్నారు. "పెద్దమనుషుల్లో మాటిచ్చాను కదమ్మా" అన్నారు. ఆయన పెన్షన్ జప్తుకు లోను కాదు, అది తెలిసీ నేను చేయగలిగింది కొద్దే.

లోక్ అదాలత్‌కు వెళ్ళొద్దని నేను అనను. గడువు లోపలి బాకీ అయితే, వడ్డీ బాగా తగ్గించి ముగించుకోవడానికి అంతకు మించిన చోటు లేదు. వెళ్ళే ముందు తేదీ లెక్క వేసుకుని వెళ్ళండి. అంతే.

సమన్లు వస్తే

లీగల్ నోటీసు వేరు, సమన్లు వేరు. నోటీసు లాయరు పంపిస్తాడు. సమన్లు కోర్టు ముద్రతో, దావా నకలుతో, పోస్టులో గానీ కోర్టు మనిషి చేతుల మీదుగా గానీ వస్తాయి. నోటీసుకు జవాబివ్వకపోయినా కొంపలు మునగవు. సమన్లకు వెళ్ళకపోతే మునుగుతాయి.

నోటీసుకు జవాబు రాయాలనుకుంటే ఇలా రాయండి: "ఫలానా తేదీ నాటి మీ నోటీసు అందింది. అందులో చెప్పిన బాకీని గానీ మొత్తాన్ని గానీ నేను ఒప్పుకోవడం లేదు. ఖాతా మొదలైన నాటి నుంచి పూర్తి స్టేట్‌మెంట్లు, ఆఖరుసారి సొమ్ము జమ అయిన తేదీ, బాకీని వేరొకరికి బదిలీ చేసి ఉంటే ఆ పత్రం నకలు పంపండి. ఈ జవాబు దేనికీ ఒప్పుకోలు కాదు, కడతానన్న హామీ కాదు. కాలపరిమితి మీద నా అభ్యంతరాలు అలాగే ఉన్నాయి." ఇంతకు మించి కథ రాయకండి. ఉద్యోగం పోయింది, నాన్నకు ఆపరేషన్ అయింది అని రాస్తే జాలి దొరకదు, సెక్షన్ 18కి సరుకు దొరుకుతుంది. అసలు కార్డే తీసుకోలేదని అబద్ధమూ రాయకండి. స్టేట్‌మెంట్లు బయటికొచ్చిన రోజున మీ మిగతా మాటలు కూడా ఎవరూ నమ్మరు.

సమన్లు అందాక మామూలు దావా అయితే 30 రోజుల్లో రాతపూర్వక జవాబు వేయాలి, కోర్టు అనుమతితో 90 రోజుల దాకా. బ్యాంకు సమ్మరీ దావా, అంటే పూర్తి విచారణ లేకుండా త్వరగా తేల్చే దావా, వేస్తే సమయం మరీ తక్కువ, 10 రోజుల్లో హాజరు నమోదు చేయాలి. సమన్ల మీద ఆర్డర్ 37 (సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో సమ్మరీ దావాల భాగం) అని ఉందేమో చూడండి. జవాబులో కాలపరిమితి అభ్యంతరం మొదటి పేరాల్లోనే పెట్టమని మీ లాయరుకు చెప్పండి. దావా కాగితాల్లోనే గడువు దాటినట్టు కనిపిస్తుంటే, విచారణ దాకా ఆగకుండా ఆర్డర్ 7 రూల్ 11 కింద దాన్ని తిరస్కరించమని అడగవచ్చు.

సెక్షన్ 3 ఉంది కదా, కోర్టే చూసుకుంటుందిలే అని ఇంట్లో కూర్చోవద్దు. దావాలో బ్యాంకు రాసిన తేదీలనే జడ్జి చూస్తారు. ఆ తేదీ తప్పని చెప్పేవాడు ఎదురుగా లేకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీరు లేకుండానే ఇచ్చే తీర్పు, అయిపోతుంది. డిక్రీ అయ్యాక మూడేళ్ళ ముచ్చట ముగిసినట్టే, అమలుకు 12 ఏళ్ళు ఉంటుంది. ఎక్స్‌పార్టీ డిక్రీని తీసేయించుకోవడానికి 30 రోజులే. సమన్లు మీకు సరిగా అందలేదని చూపగలిగితే, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30.

ఇల్లు మారినవాళ్ళకు ఇది పెద్ద చిక్కు. కార్డు తీసుకున్నప్పటి అమీర్‌పేట అద్దె గది చిరునామాకు సమన్లు వెళ్తాయి, మీరు బెంగళూరులో ఉంటారు. అందుకే ఈ-కోర్ట్స్ యాప్‌లో రాష్ట్రం, జిల్లా, సంవత్సరం ఎంచుకుని ప్రతివాదిగా మీ పేరు కొట్టి చూడండి. ఆధార్‌లో ఉన్న అక్షరాలతో ఒకసారి, కార్డు మీద ఉన్న అక్షరాలతో ఒకసారి. మన పేర్లకు ఇంగ్లీషు స్పెల్లింగులు ఎన్ని రకాలో మీకు తెలుసు.

డిక్రీ అయితే జీతం మొత్తం పట్టుకుపోరు. మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు మీకే వదలాలి. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలకు మించి జీతం జప్తు చేయడానికి లేదు. పీఎఫ్ ముట్టుకోకూడదు. డబ్బు డిక్రీకి ఆడవాళ్ళను అరెస్టు చేయడానికి వీల్లేదు, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 56. మగవాళ్ళనైనా కేవలం కట్టలేని పేదరికానికి జైల్లో పెట్టకూడదని సుప్రీంకోర్టు 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో చెప్పింది. స్తోమత ఉండి ఎగ్గొడుతున్నాడని తేలాలి. డిక్రీయే లేని దశలో ఫోన్లో వచ్చే "వారంటు" మాటకు విలువ లేదు.

ఆర్బిట్రేషన్ కాగితాలు ఏదో దూరపు నగరం నుంచి వస్తే చెత్తబుట్టలో వేయకండి. అవార్డు వచ్చాక సవాలు చేయడానికి మూడు నెలలు, మహా అయితే ఇంకో 30 రోజులు. బ్యాంకు ఒక్కటే తనకు నచ్చిన ఆర్బిట్రేటర్‌ను పెట్టుకోవడం కుదరదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసు నుంచి సుప్రీంకోర్టు చెబుతూ వస్తోంది. ఆ అభ్యంతరాన్ని మొదటి జవాబులోనే రాయండి.

విదేశాల్లో ఉన్నవాళ్ళకు

డల్లాస్ నుంచి ఒకబ్బాయి ఫోన్ చేసి, ఇండియా కార్డు బాకీ ఎగ్గొట్టి ఎనిమిదేళ్ళయింది కాబట్టి ఇక హాయిగా వచ్చేయొచ్చా అన్నాడు. లిమిటేషన్ చట్టం సెక్షన్ 15(5) చదివి వినిపించాను. ప్రతివాది భారతదేశంలో లేని కాలాన్ని దావా గడువులోంచి మినహాయించాలి. అతను విమానం ఎక్కిన రోజున గడియారం ఆగింది, దిగిన రోజున మళ్ళీ నడుస్తుంది. సెలవుల్లో వచ్చి వెళ్ళిన వారాలే లెక్కకు వస్తాయి. మొహం మాడ్చుకున్నాడు గానీ, నెల తిరక్కుండా బ్యాంకుతో మాట్లాడి తేల్చుకున్నాడు.

తిరగేసి, అక్కడ కార్డు వాడి ఇక్కడికి వచ్చేసినవాళ్ళు. అమెరికాలో గడువు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. టెక్సస్‌లో, కాలిఫోర్నియాలో నాలుగేళ్ళు, న్యూజెర్సీలో ఆరు. అక్కడి తీర్పును ఇక్కడ నేరుగా అమలు చేయలేరు, దాని మీద ఇక్కడ కొత్తగా దావా వేయాలి, అదీ తీర్పు వచ్చిన మూడేళ్ళలో. దుబాయ్ కార్డులు అలా కాదు. 2020 జనవరి 17న యూఏఈని మన ప్రభుత్వం పరస్పర అమలు దేశంగా నోటిఫై చేసింది. అక్కడి కోర్టు డిక్రీని పట్టుకొచ్చి జగిత్యాల, నిజామాబాద్ లాంటి జిల్లా కోర్టులో సరాసరి అమలుకు పెట్టుకోవచ్చు. గల్ఫ్ నుంచి వచ్చేసినవాళ్ళు "అక్కడి బాకీ అక్కడే పోయింది" అనుకునే రోజులు పోయాయి.

మిగిలిన రెండు మాటలు

కార్డుదారు చనిపోతే కుటుంబం సొంత డబ్బుతో కట్టాల్సిన పనిలేదు. ఆయన వదిలివెళ్ళిన ఆస్తి మేరకే వారసుల బాధ్యత. పెద్దకర్మ కూడా కాకముందే ఇంటికొచ్చి భార్య చేతో కొడుకు చేతో "నేను కడతాను" అని సంతకం పెట్టించుకునేవాళ్ళున్నారు. పెట్టొద్దు.

బాకీ వసూలు ఫోన్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు 12న చెప్పింది. తప్పితే బ్యాంకుకు రాతలో ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి), ఫోను 14448. ఆ ఫిర్యాదులో కూడా బాకీని ఒప్పుకునే వాక్యం రాయకండి.

గడువు లోపల ఉండి, కట్టే శక్తి ఉంటే బేరమాడి కట్టేయమనే చెప్తాను. మూడేళ్ళు ఫోన్ ఆఫ్ చేసుకుని దాక్కోవడం ఎంత ఖర్చో దాక్కున్నవాళ్ళకే తెలుసు. బేరం కుదిరితే మొత్తం, తేదీ, ఇక బాకీ లేదన్న మాట ఉన్న ఉత్తరం బ్యాంకు నుంచి ముందు తెప్పించుకుని ఆ తర్వాతే డబ్బు పంపండి. ఏజెంటు సొంత ఖాతాకు పైసా వేయొద్దు. రిపోర్టులో "సెటిల్డ్" అని పడితే తర్వాత ఇంటి లోను అప్పుడు ఇబ్బంది పెడుతుంది, "క్లోజ్డ్" అని పడేలా అడిగి చూడండి.

లాయరు ఫీజు భారమైతే జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, ఫోను 15100. ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని పెడతారు. అక్కడికి వెళ్ళినా, నాలాంటి వాళ్ళ దగ్గరికి వచ్చినా సిబిల్ రిపోర్టు, పాస్‌బుక్కు, ఇప్పటిదాకా పంపిన మెసేజీల ప్రింట్లు, విదేశాల్లో ఉండి ఉంటే పాస్‌పోర్టు పట్టుకెళ్ళండి. వచ్చిన ప్రతి కాగితంతో పాటు దాని కవరు కూడా తీసుకెళ్ళండి. కాగితం మీద తేదీ వాళ్ళు వేసుకున్నది. కవరు మీద పోస్టాఫీసు ముద్ర ఉంటుంది.